గుమ్మం దాకా వచ్చిన గాజు తీగ

ఏ సౌకర్యం ధర ఎంత అని అడిగినా మనలో చాలామంది నెల లెక్కే చెబుతాం. అద్దె నెలకింత, పాలు నెలకింత, ఇంటర్నెట్ నెలకింత. నెల జీతాలతో, ఇంటినుంచి నెలనెలా వచ్చే మనియార్డరు లాంటి డబ్బులతో నడిచే బతుకులు గనుక మన ఆలోచన కూడా అలాగే నడుస్తుంది. కాని ఏ సౌకర్యమైనా ఇంట్లో అడుగు పెట్టాలంటే మొదటిరోజున చెల్లించవలసిన మొత్తం ఒకటి ఉంటుంది. ప్రకటనల్లో దానికి పెద్దక్షరాలుండవు. చందా పెద్దక్షరాల్లో ఉంటుంది. ఇది కింద, చుక్క గుర్తు పక్కన ఉంటుంది.

ఫైబర్ ఇంటర్నెట్ విషయంలో నా వాదనంతా ఈ మొదటిరోజు ఖర్చు గురించే. చందా తగ్గితే చాలు, పేదవాడి ఇంట్లోకి ఫైబర్ దానంతట అదే వచ్చేస్తుందని ప్రభుత్వాలూ కంపెనీలూ అనుకుంటున్నాయి. మనలో చదువుకున్నవాళ్లు కూడా చాలామంది అలాగే అనుకుంటున్నారు. అది సగం నిజం. వీధి స్తంభం నుంచి గదిలోకి తీగ లాగే ఆ చివరి వంద మీటర్ల ఖర్చు ఎవరు భరించాలో తేలనంతవరకు మిగతా సగం అబద్ధంగానే మిగిలిపోతుంది.

ముందు వస్తువేమిటో చూద్దాం. ఫైబర్ అంటే గాజు తీగ. మందం 125 మైక్రాన్లు, అంటే ఇంచుమించు తల వెంట్రుకంత. అందులో కాంతి ప్రయాణించే నడిమి భాగం 9 మైక్రాన్లే. మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ 1950లలోనే గాజు పోగుల గుండా బొమ్మను పంపి చూపించాడు. గాజులోని మలినాలను తీసేస్తే కాంతి కిలోమీటర్ల దూరం పోగలదని 1966లో చార్లెస్ కావ్ వాదించాడు. ఆ వాదనకు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. ఫిజిక్సు మిత్రులకు ఇదంతా తెలిసిన కథే.

ఈ తీగ ఇంటికి వచ్చే పద్ధతి ఏమిటంటే, ఎక్స్ఛేంజి నుంచి బయలుదేరిన ఒక్క పోగును వీధిలో ఒక చిన్న డబ్బాలో స్ప్లిటర్ అనే సాధనంతో 32 ఇళ్లకో, 64 ఇళ్లకో పంచుతారు. ఆ డబ్బాకు కరెంటు కూడా అక్కర్లేదు. వాడుకలో ఉన్న జీపాన్ పద్ధతిలో ఆ ఒక్క పోగు మీద సెకనుకు సుమారు రెండున్నర గిగాబిట్లు ఇళ్లవైపు వస్తాయి, అందులో సగం తిరిగి వెళ్తాయి. గాజు ఇంటి గోడ దాటి లోపలి పెట్టె దాకా వస్తేనే అది పూర్తి ఫైబర్. మన పట్టణాల్లో చాలాచోట్ల గాజు వీధి మలుపు దాకానే వచ్చి, అక్కణ్ణుంచి మామూలు రాగి లాన్ వైరు ఇంట్లోకి వస్తుంది. బిల్లు మీద మాత్రం ఫైబర్ అనే ఉంటుంది. అలా ఎందుకు చేస్తారంటే, ఇంటి దాకా గాజు తేవడం ఖర్చు గనుక.

మరి ఏది ఖర్చు? గాజు కాదు. దానికి మూలం సిలికా. ఖర్చంతా గాజును చేర్చడంలో ఉంది. రోడ్డు తవ్వాలి, లేదా స్తంభానికి అద్దె కట్టాలి. నిచ్చెన ఎక్కే మనిషి కావాలి. రెండు పోగులను కరిగించి అతికించే స్ప్లైసింగ్ యంత్రం కావాలి, అది తెలిసినవాడు కావాలి. స్తంభం నుంచి ఇంటికి డ్రాప్ కేబులు, ఇంట్లో వైఫై ఇచ్చే పెట్టె, గోడకు చిల్లు, ఆ పైన డిపాజిట్టు, అడ్వాన్సు, వీటిలో సేవల ఖరీదు మీద నూటికి 18 రూపాయల జి.ఎస్.టి. ఇవన్నీ కలిసినదే మనం ఇన్‌స్టలేషన్ అని ఒక్క మాటలో అనేస్తున్నది.

అంకెల్లో చెప్పుకుందాం. 2019 సెప్టెంబరులో జియో ఫైబర్ దేశంలో వాణిజ్యపరంగా మొదలైనప్పుడు మొదటిరోజు కట్టవలసింది 2,500 రూపాయలు. అందులో 1,500 తిరిగి ఇచ్చే డిపాజిట్టు, 1,000 తిరిగిరానిది. మరుసటి ఏడాది అదే సంస్థ నెలకు 399 రూపాయల ప్లాను తెచ్చింది. పన్ను కలిపితే 470 రూపాయల 82 పైసలు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. తొలినాటి ప్రవేశ రుసుం, చౌక ప్లాను చందా ప్రకారం, ఐదు నెలల వాడకానికి మించిపోయింది.

"ఇప్పుడు ఇన్‌స్టలేషన్ ఉచితమే కదా" అనేవాళ్లున్నారు. చాలాచోట్ల ఉచితమే, ఒక షరతు మీద. ఆరు నెలల చందాగాని, ఏడాది చందాగాని ముందే కట్టాలి. పై లెక్కనే తీసుకుంటే ఆరు నెలలకు 2,824 రూపాయల 92 పైసలు. ఇంత మొత్తం ఒకేసారి చేతిలో ఉన్నవాడికి తీగ ఉచితం. నెలనెలా కట్టుకునేవాడికి తీగ ఖరీదు విడిగా పడుతుంది. అంటే ఉన్నవాడికి మినహాయింపు, లేనివాడికి వడ్డింపు. కిరాణా కొట్టులో బస్తా కొన్నవాడికి ఒక ధర, పావుకిలో కొన్నవాడికి ఇంకో ధర ఉన్నట్టే ఇదీను. ఇందులో మోసం లేదని కంపెనీ అంటుంది. ఉందని నేనూ అనడంలేదు. న్యాయం లేదని మాత్రమే అంటున్నాను.

ఇక అద్దెకున్నవాళ్ల సంగతి. మా బోటి రీసెర్చి విద్యార్థులు ముగ్గురు నలుగురు కలిసి గది తీసుకోవడం యూనివర్శిటీ చుట్టుపక్కల మామూలే. ఒక ఏడాది మేము అలాగే ఒక గదిలో కనెక్షన్ పెట్టించాం. పెట్టించేముందు "అంతా ఫ్రీ సార్" అన్నారు. కుర్రాడు వచ్చి చూసి, స్తంభం దూరమైంది కాబట్టి ఎక్కువ కేబులుకు మీటరు లెక్కన కట్టాలన్నాడు. కట్టాం. ఇంటి ఓనరుగారు, "గోడకి చిల్లు పెడితే ఊరుకోను, కిటికీలోంచి లాక్కోండి" అన్నారు. లాక్కున్నాం. ఆ కిటికీ ఆ ఏడాది పూర్తిగా మూతపడలేదు. దోమలకు కూడా బ్రాడ్‌బ్యాండే. పది నెలలకు గది మారాం. కొత్త వీధిలో అదే కంపెనీ ఉన్నా మళ్లీ కొత్త కనెక్షనే, మళ్లీ మొదటిరోజు ఖర్చే. పాత డిపాజిట్టు కోసం ఫోన్లు చేసి చేసి, ఆ ఫోన్లకయిన టైము డిపాజిట్టు కంటే ఖరీదైనదని తేలాక మానేశాం.

ఇది మా ఒక్కరి కష్టమైతే ఈ సంచికలో పేజీ దండగ. సొంతిల్లు ఉన్నవాడు ఆ ఖర్చు ఒకసారి పెడతాడు. అద్దెవాడు ఇల్లు మారినప్పుడల్లా పెడతాడు. చదువు కోసం, కూలి కోసం, ఉద్యోగం కోసం ఊళ్లు మారేవాడికే ఇంటర్నెట్ అవసరం ఎక్కువ. అదే మనిషికి ప్రవేశ రుసుం కూడా ఎక్కువసార్లు పడుతుంది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనడం అన్యాయం. చేసినవి చెప్పుకుందాం. దేశంలోని సుమారు రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఫైబర్ వేయాలని కేంద్రం 2011 అక్టోబరులో నిర్ణయించింది. అదే తరువాత భారత్‌నెట్ అయింది. ఆంధ్రప్రదేశ్‌లో భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా సుమారు 24,000 కిలోమీటర్ల మేర కేబులు లాగారు. తవ్వకం మానడంవల్ల ఖర్చు ఎన్నోరెట్లు తగ్గింది. 2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామం దానికి తొలి వేదిక అయింది. ఇంటర్నెట్, టీవీ, ఫోను మూడూ కలిపి నెలకు 149 రూపాయలన్నారు. తెలంగాణలో మిషన్ భగీరథ మంచినీళ్ల పైపులకోసం తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ గొట్టాలు కూడా వేశారు. ఒకసారి తవ్వి రెండు పనులు చేసుకోవడం తెలివైన పని. ఇంజనీరింగ్ కాలేజీల్లో పాఠంగా చెప్పదగ్గది.

కాని ఈ ప్రయత్నాల్లో ఒక పోలిక చూడండి. భారత్‌నెట్ తీగ పంచాయతీ ఆఫీసు దాకా వచ్చి ఆగింది. అక్కణ్ణుంచి మాలపల్లెకో, చివరి వీధికో, పొలంలోని ఇంటికో వెళ్లే ఖర్చును లెక్కలోకి సరిగా తీసుకోలేదు. 149 అన్న అంకె ఊరూరా తెలిసింది. ఇంట్లో పెట్టవలసిన పెట్టెల ఖర్చు వేరే లెక్క అన్న సంగతి అంతగా తెలియలేదు. ఈ లోపం కేంద్రానికీ అర్థమైనట్టే ఉంది. 2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయలతో సవరించిన భారత్‌నెట్‌ను ఆమోదిస్తూ, గ్రామాల్లో కోటిన్నర ఇళ్లకు ఫైబర్ కనెక్షన్లు లక్ష్యమని చెప్పింది. లక్ష్యం మంచిదే. అయితే ఏ ఇంటివాడు ఎంత కట్టాలి అన్న ప్రశ్నకు చట్టంలో జవాబు ఇంకా లేదు.

చట్టం అన్నాను గనుక కరెంటు సంగతి చెప్పాలి. 2003 విద్యుత్ చట్టంలోని 43వ సెక్షను ప్రకారం, ఇంటి యజమానిగాని, ఆ ఇంట్లో ఉంటున్న మనిషిగాని దరఖాస్తు పెట్టుకుంటే కరెంటు ఇవ్వడం పంపిణీ సంస్థ బాధ్యత. "ఉంటున్న మనిషి" అన్న మాటను అద్దెవాళ్లు గమనించాలి. ఎన్నాళ్లలో ఇవ్వాలో గడువు కూడా ఉంది. తీగ లాగడానికి అయ్యే ఖర్చులో వినియోగదారు నుంచి ఎంత వసూలు చేయవచ్చో 46వ సెక్షను ప్రకారం రాష్ట్ర నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. లైన్‌మన్ వచ్చి తనిష్టం వచ్చినట్టు మీటరుకింత అని చెప్పడానికి వీల్లేదు. చెప్పడం జరగదని కాదు. చెబితే అడగడానికి ఒక కాగితముంది.

ఫైబర్‌కు అలాంటి కాగితం లేదు. బ్రాడ్‌బ్యాండ్ ధరలను ట్రాయ్ కంపెనీల నిర్ణయానికే వదిలిపెట్టింది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం, దాని కింద 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన నియమాలు, తీగ వేసుకోవడానికి కంపెనీలకు దారి హక్కు ఏర్పరిచాయి. రోడ్డు మీద, స్థలాల మీద తీగ పోవడానికి హక్కుంది. ఆ తీగను మా ఇంట్లోకి తెమ్మని అడగడానికి ఇంటివాడికి హక్కు లేదు. దారి హక్కు తీగకే గాని మనిషికి కాదన్నమాట.

ప్రవేశ రుసుమే అసలు అడ్డంకి అన్న సంగతి మన తెలుగునాట కొత్త విషయం కాదు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం పెట్టినప్పుడు పేద మహిళల గ్యాస్ కనెక్షన్ డిపాజిట్టు ప్రభుత్వమే కట్టింది. కట్టెల పొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలికి సిలిండరు ధరకంటే ముందు డిపాజిట్టు అడ్డమొచ్చిందని గుర్తించడమే ఆ పథకంలోని తెలివి. 2016లో కేంద్రం ఉజ్వల పథకంలో కనెక్షనుకు 1,600 రూపాయల సాయం చేసిందీ ఇదే ఆలోచనతో. డిపాజిట్టు కట్టినంత మాత్రాన రెండో సిలిండరు కొనగలిగే స్తోమత వస్తుందా అన్న ప్రశ్న అప్పుడూ వచ్చింది. అది న్యాయమైన ప్రశ్నే. ఫైబర్‌కూ వర్తిస్తుంది. తలుపు తెరిచినంత మాత్రాన భోజనం పెట్టినట్టు కాదు. కాని తలుపే తెరవకుండా విస్తరి గురించి మాట్లాడుకోవడం ఏం పని?

బయటి ఉదాహరణలు రెండు. కేరళ 2023 జూన్ 5న కె-ఫోన్ మొదలుపెడుతూ 20 లక్షల పేద కుటుంబాలకు ఉచిత కనెక్షన్ లక్ష్యమంది. తొలి విడతకు 14,000 ఇళ్లు ఎంచుకున్నారు. లక్ష్యానికీ విడతకూ మధ్య దూరం ఎంతో చూస్తూనే ఉన్నారు. అయినా పేదవాడి ఇంటి తీగ ఖర్చు ప్రజల ఖర్చే అని ఒక ప్రభుత్వం ఒప్పుకుంది. బ్రిటన్‌లో 2020 మార్చి నుంచి ఒక నియమం ఉంది. సెకనుకు 10 మెగాబిట్ల వేగం అందని ఇంటివాడు అడిగితే, తీగ లాగడానికి 3,400 పౌండ్ల దాకా అయ్యే ఖర్చు అతని మీద పడదు. దాటితే ఆ దాటినంత అతనిది. మారుమూల ఇళ్లవాళ్లకు ఆ దాటినదే కొండంత అవుతోంది. కాని ఎంతవరకు ఎవరిదో రాసిపెట్టి ఉంది. మనకు కావలసింది ఆ రాసిపెట్టడమే.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది: "ఫోన్లో డేటా చౌకగా ఉండగా ఇంటికి తీగెందుకు?" 2020లో కరోనా వచ్చి కాలేజీలు మూసినప్పుడు డిగ్రీ చదువుతున్న నా తరం దీనికి జవాబు చెప్పగలదు. రోజుకు ఒకటిన్నర జీబీ డేటా. ఇంట్లో ఇద్దరు చదువుకునే పిల్లలు, ఒక్క ఫోను. మధ్యాహ్నం క్లాసు సగంలో డేటా అయిపోయేది. డాబా ఎక్కితే సిగ్నలు, దిగితే లేదు. పాఠం వినడానికే ఇంత పాటైతే, తిరిగి పంపడం, రాయడం, ప్రాక్టికల్ చేయడం ఎక్కడ? ఆ మీదట, టవరుకు కూడా చివరికి గాజు తీగే కావాలి. గాలిలో వచ్చేది వీధి అంతా పంచుకోవాలి. ఇప్పుడు ఇంటి మీద పెట్టె పెట్టి 5జీ ద్వారా ఇస్తున్న కనెక్షన్లు మంచివే, తీగ పోలేని చోట అవసరమే. అవి తీగకు తోడు అవుతాయి గాని బదులు కావు.

రెండోది: "కంపెనీలు ధర్మసత్రాలా?" కావు. ఉండమని అడగడంలేదు. కాని కంపెనీల సర్దుబాటు చేసిన స్థూల రాబడిలో నూటికి 5 రూపాయలు సార్వత్రిక సేవ నిధికి పోతుంది. దాని పేరు ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి. ఆ రాబడి ఎక్కణ్ణుంచి వచ్చింది? మన రీఛార్జీల నుంచి. హాస్టల్లో కూర్చుని నెలనెలా రీఛార్జి చేసుకునే పిల్లవాడు కూడా ఆ నిధికి చందాదారే. తన ఊళ్లో తన ఇంటి తీగకు ఆ నిధిలోంచి అడగడం దానం అడగడం కాదు.

మూడోది కొంచెం బరువైనది: "చౌకగా లాగమంటే స్తంభాలకు వేలాడదీస్తారు, ప్రాణం మీదికొస్తుంది." నిజమే. 2025 ఆగస్టులో హైదరాబాదు రామంతపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో విద్యుదాఘాతంతో ఐదుగురు మరణించారు. ఆ తరువాత నగరంలో స్తంభాల మీది కేబుళ్లను తెగ్గోశారు. ఎన్నో ఇళ్లల్లో ఇంటర్నెట్ ఆగిపోయింది. మొదట ఖర్చు తప్పించుకుంటే చివరికి ఎవరో ఒకరు కట్టవలసి వస్తుందన్నదానికి ఇదొక పాఠం. అందుకే నేను చౌకగా లాగమనడంలేదు. సరిగా లాగమంటున్నాను, ఆ ఖర్చు ఎవరిదో ముందే తేల్చమంటున్నాను.

2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. హాస్టల్లో ఫోను వాడకం మీద ఆంక్షలను ఎదిరించిన ఒక కాలేజీ అమ్మాయి కేసు అది. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులోనూ, గోప్యత హక్కులోనూ భాగమేనని కోర్టు అన్నది. కేసు వేసింది మనబోటి విద్యార్థిని. హక్కు అని కోర్టు చెప్పాక దాని ప్రవేశ రుసుం ఎంత, ఎవరిది అని అడగడం మన వంతు.

ఏమడగాలి? నాకు తోచినవి ఇవి. మొదటిది, కనెక్షన్ చార్జీలు, మీటరు కేబులు ధర, డిపాజిట్టు తిరిగి ఇచ్చే గడువు తెలుగులో అచ్చువేసి, సంతకం పెట్టకముందే వినియోగదారు చేతికివ్వాలి. రెండోది, ప్రవేశ ఖర్చును నెలవారీ వాయిదాల్లో కట్టుకునే వీలుండాలి. ముందే అంతా కట్టినవాడికి ఒక ధర, కట్టలేనివాడికి ఇంకో ధర ఉండకూడదు. మూడోది, అద్దెవాడు ఇల్లు మారితే అదే సంస్థ కనెక్షను కొత్త ప్రవేశ రుసుం లేకుండా అతనితో కదలాలి. నాలుగోది, ఇల్లు కట్టేటప్పుడే కరెంటు పైపు పక్కన ఫైబర్‌కు ఒక ఖాళీ పైపు వేయడం ప్లాను మంజూరులో షరతు కావాలి. గోడ కట్టేరోజున పైపు ఖర్చెంత? కట్టిన గోడకు చిల్లు పెట్టడానికి ఓనరుగారి అనుమతి ఖరీదెంత? ఐదోది, ఫీజు రీయింబర్స్‌మెంటు పొందుతున్న విద్యార్థుల జాబితా ప్రభుత్వం దగ్గర ఉండనే ఉంది. ఆ కుటుంబాల ఇళ్లకు చివరి వంద మీటర్లు డిజిటల్ భారత్ నిధి నుంచి వేయించాలి. కొత్తగా సర్వేలూ కమిటీలూ అక్కర్లేదు.

ఇవన్నీ ఒక్కరోజులో కావు. అంతదాకా మన చేతిలో ఉన్న పనులు రెండున్నాయి. లైబ్రరీ రీడింగ్ రూమును వైఫైతో సహా రాత్రి పదింటి దాకా, సెలవుల్లో కూడా తెరిచి ఉంచమని ప్రిన్సిపాల్‌గారిని అడగడం ఒకటి. మన విద్యార్థుల్లో ఎంతమంది ఇంట్లో తీగ ఉంది, లేనివాళ్లకు ఏది అడ్డమైంది, చందానా, మొదటి ఖర్చా, ఓనరా, అసలు స్తంభం దాకానే రాలేదా అన్నది తరగతి తరగతికీ వెళ్లి రాసుకోవడం రెండోది. ఈ పని యూనియన్ చేయగలదు. స్టాటిస్టిక్స్ డిపార్టుమెంటు మేష్టార్లు దారి చూపించగలరు. అంకెలు మన చేతిలో ఉంటే అధికారుల ముందు గొంతు పెంచవలసిన అవసరం ఉండదు.

టెలిఫోను కోసం ఏళ్ల తరబడి క్యూలో ఉన్న రోజులు మన పూర్వ విద్యార్థులకు గుర్తే. అప్పట్లో ఓ.వై.టి. కింద డబ్బు ముందే కట్టగలిగినవాడికి లైను త్వరగా వచ్చేది, మిగతావాళ్లు ఎదురుచూసేవారు. ఆ పద్ధతి పోయిందని మనం సంతోషించాం. ఆరు నెలల అడ్వాన్సు రూపంలో అది మళ్లీ వచ్చి మన గుమ్మంలోనే నిలబడింది. కొత్తగా ఎన్నికైన యూనియన్ ఈ ఏడాది చేపట్టే పనుల్లో ఆ లెక్కలు రాసుకునే పనిని మొదటి నెలలోనే మొదలుపెట్టాలని నా విన్నపం.